గన్నవరం నుంచి మధురపూడికి ఎంతసేపు?

నమస్కారం. మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామయ్యా, హైదరాబాద్ నుంచి రాజమండ్రికి టికెట్ మండిపోతోంది, గన్నవరానికైతే బాగా తక్కువ, అక్కడ దిగి వచ్చేయనా? రెండు ఎయిర్‌పోర్టులకీ మధ్య 126 కిలోమీటర్లేనట" అన్నాడు.

గన్నవరమంటే విజయవాడ ఎయిర్‌పోర్టు, మధురపూడి అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్టు. ఆ 126 అబద్ధం కాదు. కాకపోతే అది మ్యాప్ మీద ఈ రన్‌వే నుంచి ఆ రన్‌వేకి గీత గీస్తే వచ్చే దూరం. పైలట్ల లెక్కలో 68 నాటికల్ మైళ్లు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. ఆ గీత మీద నడిచే బండి మాత్రం ఏదీ లేదండీ, విమానంతో సహా. గాలికి ఎదురుగా లేవాలి, మలుపు తిరగాలి, దిగేచోట మళ్లీ గాలి చూసుకుని చుట్టు తిరిగి రావాలి. డెబ్బై మంది పట్టే ఏటీఆర్ అనే చిన్న విమానం గంటకి 500 కిలోమీటర్లు పోతుంది, ఆ లెక్కన మనకి పదిహేను నిమిషాలే కావాలి, కానీ టైంటేబుల్లో రాసేది చక్రం కదిలినప్పటి నుంచి మళ్లీ ఆగేదాకా కాబట్టి ఇంత దగ్గరి ప్రయాణానికైనా నలభై నిమిషాల పైనే వేసుకోవాలి. దానికి ముందు గంట చెకింగు, తర్వాత బ్యాగు కోసం ఎదురుచూపులు. ఈలోగా బెజవాడలో రత్నాచల్ రైలు ఎక్కినవాడు గోదావరి వంతెన మీద ఉంటాడు!

అందుకే ఈ రెండింటి మధ్య దూరం విమానం ఎక్కేవాళ్లకి కాదు, మావాడిలా ఒకదానికి బదులు ఇంకోటి ఎంచుకునేవాళ్లకి కావాలి. శంషాబాద్ నుంచి గన్నవరం గీత దూరం 260 దాకా, మధురపూడి 360 దాకా. ఆ 100 కిలోమీటర్ల తేడా ఆకాశంలో పది, పదిహేను నిమిషాలు. నేల మీదికొచ్చేసరికి అదే రెండున్నర, మూడు గంటలవుతుంది. టికెట్‌లో మిగిలిన డబ్బుల్లోంచి టాక్సీ, టోలు తీసేసి అప్పుడు చూడండి, ఎంత మిగిలిందో. ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే లాభమే, ఒక్కడికైతే నా మటుకు నేను వద్దంటాను.

దారి మాత్రం హాయి. గన్నవరం ఎయిర్‌పోర్టు హైవే పక్కనే, బయటికి రాగానే పొట్టిపాడు టోలు, హనుమాన్ జంక్షన్, ఏలూరు బైపాస్. గుండుగొలను దగ్గర ఒక్కటి గుర్తుపెట్టుకోండి, తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా పోయే పాత రోడ్డు పట్టకుండా దేవరపల్లి, కొవ్వూరు వైపు వెళ్తే గోదావరి మీది గామన్ బ్రిడ్జి దాటి, రాజమండ్రి ఊళ్లో ట్రాఫిక్ తగలకుండా బయటపడతారు. మధురపూడి ఎటూ ఊరికి అవతలే.

చలికాలం పొద్దుటి విమానమైతే ఇంకో మాట. గన్నవరంలో పొగమంచు కమ్మితే రన్‌వే కనబడేదాకా పైనే చక్కర్లు కొట్టిస్తారు, మరీ తెరపివ్వకపోతే వెనక్కో, వేరే ఊరికో పంపేస్తారు.

మావాడు వినలేదు, గన్నవరానికే కొన్నాడు. మంచులో అరగంట పైనే తిరిగి, దిగి, టాక్సీ ఎక్కాడు. పండగ రద్దీ. మా అక్కది కోరుకొండ, మధురపూడికి ఆనుకునే ఉంటుంది. అరిసెలు వత్తుతూ నెయ్యి చేత్తోనే ఫోనెత్తి, "హైదరాబాద్ విమానం ఇందాకే మనింటి మీంచి పోయిందిరా, నువ్వెక్కడ?" అంది.

"కలపర్రు టోల్‌గేట్ దగ్గరమ్మా, మన ముందు నలభై కార్లున్నాయి" అన్నాడు.