వార్డెన్ బీరువాలో ఇన్‌హేలర్

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, ఊళ్ళ నుంచి పిల్లలను హాస్టల్లో దింపడానికి వచ్చి ఈ సభ కోసం ఆగిన తల్లిదండ్రులకు, అందరికంటే ముఖ్యంగా వెనక వరుసల్లో సర్దుకు కూర్చున్న ఇంటర్మీడియట్ విద్యార్థులకు నమస్కారం. ప్రపంచ ఆస్తమా దినం 1998లో మొదలైంది. ఏటా మే నెల మొదటి మంగళవారం వస్తుంది. అప్పుడు మీకు వేసవి సెలవులు కాబట్టి, ఆ రోజున డాక్టర్లమే ఒకరికొకరం ఉపన్యాసాలు చెప్పుకొని ఇళ్ళకు వెళ్ళిపోతుంటాం. నెల ఆలస్యమైనా సరే, పిల్లలు వచ్చాకే సభ పెట్టిన నిర్వాహకులకు నా కృతజ్ఞతలు.

కరపత్రంలో నా అంశం ‘ఆస్తమా: కారణాలు, నివారణ’ అని వేశారు. కారణాలను మీ జీవశాస్త్ర అధ్యాపకులు నాకంటే ఓపికగా చెప్పగలరు కనుక, ఊపిరితిత్తుల వైద్యుడిగా నన్ను ఏళ్ళ తరబడి వేధిస్తున్న ఒక్క విషయానికే ఈ సమయాన్ని వాడుకుంటాను. ఇంటిని వదిలి హాస్టల్లో చేరిన పదహారేళ్ళ పిల్లకు తన ఉబ్బసాన్ని తానే చూసుకోవడం ఎవరూ నేర్పడం లేదు. నేర్చుకున్న పిల్లను కూడా మనం చూసుకోనివ్వడం లేదు.

నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో జరిగేది చెబుతాను. అబ్బాయిని ‘రాత్రిళ్ళు దగ్గు వస్తోందా నాన్నా?’ అని అడుగుతాను. ‘లేదు డాక్టరుగారూ, బాగానే ఉంటున్నాడు’ అని తండ్రి అంటారు. ‘మందు రోజూ పీలుస్తున్నావా?’ అంటే ‘నేనే దగ్గరుండి ఇస్తాను’ అని తల్లి అంటుంది. అబ్బాయి గోడ మీద క్యాలెండరు చూస్తుంటాడు. అందుకే ఇప్పుడు పెద్దవాళ్ళను కాసేపు బయట కూర్చోమంటున్నాను. తలుపు మూసుకున్నాక అసలు సంగతులు బయటికి వస్తాయి. రోజూ వాడవలసిన మందు ఆపేసి నెలలవుతుంది. స్నేహితుల ముందు పీల్చాలంటే సిగ్గు. స్టెరాయిడ్ అని ఎవరో చెప్పగా విని, లావైపోతానని ఒక అమ్మాయి భయం. జబ్బు సంగతి పొక్కితే సంబంధాలు రావని ఆ అమ్మాయి అమ్మమ్మ భయం.

స్టెరాయిడ్ అనగానే ఉలిక్కిపడే తల్లిదండ్రులకు ఒక చిన్న లెక్క. వాపు తగ్గించడానికి రోజూ పీల్చే స్టెరాయిడ్ మందు బుడెసొనైడ్ ఒక మోతాదులో సాధారణంగా 100 నుంచి 400 మైక్రోగ్రాములు ఉంటుంది. వెయ్యి మైక్రోగ్రాములైతే ఒక మిల్లీగ్రాము. ఆయాసం ముదిరినప్పుడు మింగించే ప్రెడ్నిసొలోన్ మాత్ర రోజుకు 30, 40 మిల్లీగ్రాముల దాకా పోతుంది. రెండూ ఒకే మందు కావు కనుక అంకెకు అంకె సరిపోల్చకూడదు గానీ, రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగే మాత్రకూ, నేరుగా శ్వాసనాళాలకు చేరే ఈ కొద్దిపాటి మందుకూ ఎంత తేడా ఉందో మీకు అర్థమవుతుంది. దీన్ని మానేసిన పిల్లలే చివరికి ఆ మాత్రల దాకా వెళతారు.

పిల్లలు దీన్ని మాని నీలం రంగు సాల్బుటమాల్‌ను నమ్ముకోవడంలో వింత లేదు. నీలం ఇన్‌హేలర్ బిగుసుకున్న నాళాలను నిమిషాల్లో వదులు చేస్తుంది, పిల్లికూతలు ఆగుతాయి. కానీ లోపలి వాపు అలాగే ఉంటుంది. ఆ వాపును తగ్గించే మందు పని చేస్తున్నట్టు వెంటనే తెలియదు. ఆస్తమా చికిత్సకు అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే జినా సంస్థ 2019లో పన్నెండేళ్ళు దాటినవారికి నీలం ఇన్‌హేలర్ ఒక్కటే ఇచ్చి పంపవద్దని స్పష్టంగా చెప్పింది. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో మన దేశం వాటా సుమారు 13 శాతమైతే, ఆస్తమా మరణాల్లో 40 శాతానికి పైగా మనవే. రోజువారీ మందు అందకపోవడం, అందినా వాడకపోవడం ఇందుకు పెద్ద కారణాలు.

మృగశిర కార్తె రోజులు కాబట్టి చేపమందు గురించి అడుగుతారని తెలుసు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను మింగడానికి వెళ్ళేవారితో నాకు పేచీ లేదు. మైదానం నుంచి వచ్చి ఇన్‌హేలర్‌ను పక్కన పెట్టేవారితోనే నా పేచీ. ఆ మాట అంతటితో వదిలేస్తాను.

ఇక నేను చెప్పితీరవలసిన సంగతి. ఒక హాస్టల్లో మందులన్నీ కార్యాలయంలో అప్పగించాలన్న నిబంధన ఉంది. మాత్రలు దుర్వినియోగం కాకూడదన్న ఉద్దేశం మంచిదే. మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయి తన నీలం ఇన్‌హేలర్‌ను, దాని మీద తెల్ల ప్లాస్టరు అంటించి రోల్ నంబరు రాసి మరీ, అప్పగించింది. ఒక రాత్రి ఆయాసం ఎగదన్నింది. మందు వార్డెన్ గది బీరువాలో ఉంది, వార్డెన్ బంధువుల గృహప్రవేశానికి వెళ్ళారు, తాళంచెవి ఆమె చేతిసంచిలో ఉంది. వాచ్‌మన్ బీరువా తలుపు లాగి చూస్తుండగా తోటి పిల్లలే 108కి ఫోన్ చేశారు. మా దగ్గరికి తెచ్చేసరికి ఆ అమ్మాయి వాక్యం పూర్తి చేయలేకపోతోంది, పెదవులు నీలం తిరిగాయి. బతికింది. ఇంతకూ తనకు ఏ మందు కావాలో, ఎన్నిసార్లు పీల్చాలో ఆ పిల్లకు క్షుణ్ణంగా తెలుసు! అయ్యా ప్రిన్సిపాల్ గారూ, ఇన్‌హేలర్ పిల్ల జేబులో ఉండాలి. పరీక్ష హాల్లోనూ ఉండాలి. ఇన్విజిలేటర్లకు ముందే చెప్పి ఉంచాలి.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ పాఠశాలల్లో పై తరగతి పిల్లలకు శిక్షణ ఇచ్చి, వాళ్ళ చేత కింది తరగతి వాళ్ళకు ఆస్తమా పాఠాలు చెప్పించారు. వాళ్ళు నాటికలు కట్టి ఇంకా చిన్నవాళ్ళకు చూపించారు. ఆస్తమా ఉన్న పిల్లల జీవన నాణ్యత మెరుగుపడిందని ఆ పరిశోధన 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మన సీనియర్లకూ ఆ పని అప్పగించవచ్చు. ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళు ఇక్కడే ఉన్నారు కదా, చేతులెత్తండి. మీరే మొదలుపెట్టాలి.

వాళ్ళకు నేర్పవలసినవి చిన్న పనులే. రోజువారీ మందును టూత్‌బ్రష్ పక్కన పెట్టుకుంటే మరవరు. పీల్చాక నోరు పుక్కిలించడమూ ఆ వెంటే అయిపోతుంది. మందు పీల్చాక వీలైతే పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. ఇన్‌హేలర్ డబ్బా నీళ్ళలో తేలితే ఖాళీ అయిందనే పాత పరీక్షను నమ్మవద్దు. 200 మోతాదుల డబ్బా అయితే వాడకం లెక్క రాసుకోండి. ఆయాసం వస్తే నిటారుగా కూర్చోబెట్టి, నీలం ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే గొట్టం తగిలించి ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు ఇచ్చి, ఒక్కో పఫ్‌కు నాలుగు శ్వాసలు తీసుకోనిచ్చి, నాలుగు నిమిషాలు ఆగాలి. తగ్గకపోతే మరో నాలుగు. అప్పటికీ తగ్గకపోతే 108కి చెప్పి, వాహనం వచ్చేదాకా అలాగే ఇస్తూ ఉండాలి. మాట రాకపోయినా, పెదవులు నీలం తిరిగినా ఫోనే ముందు. మీ డాక్టరు వేరే పద్ధతి రాసిస్తే ఆ కాగితమే ప్రమాణం. ఆ కాగితం నకలు రూమ్మేట్ దగ్గర కూడా ఉండాలి.

ఇక ఇన్‌హేలర్ వాడే విద్యార్థులు నలుగురు నలుగురుగా ఈ బల్ల దగ్గరికి రండి. మందు లేని డబ్బాలు తెచ్చాను. పీల్చడం ఎలాగో మీరే నాకు చూపించాలి. తల్లిదండ్రులు దయచేసి కుర్చీల్లోనే ఉండండి.