పదహారణాల్లో ఎన్నణాలమ్మా?

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి 4, ప్రపంచ క్యాన్సర్ దినం కదా, జబ్బు లక్షణాలూ పరీక్షలూ చెబుతాననుకుని ఉంటారు. వాటికి డాక్టర్లున్నారు. నేను వార్డులో రోగుల పక్కన కూర్చుని మాట్లాడే వాలంటీర్‌ని, అంతే.

ఒకరోజు వరండాలో ఒక కుర్రాడు నన్ను ఆపి, "మేడమ్, అమ్మతో క్యాన్సర్ అనకండి. ఉత్త గడ్డ అని చెప్పాం. తట్టుకోలేదు" అన్నాడు. సరేనని లోపలికెళ్తే ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది. "కరెంటు పెట్టేది ఏ రోగానికో నాకు తెల్వదా బిడ్డా? మావోనికి చెప్పకు, ఆగమైతడు." రేడియేషన్‌ని మన ఊళ్లలో కరెంటు పెట్టడమనే అంటారు కదా.

కొడుకును తప్పుపట్టను. మా నాన్నకు జబ్బు చేసినప్పుడు నేనూ రిపోర్టులు బీరువాలో చీరల కింద దాచాను. ఆయన ఒక్కసారీ అడగలేదు. అడగలేదు కాబట్టి తెలియదనుకున్నాను.

1977లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో జిమ్మీ హాలండ్ అనే సైకియాట్రిస్టు క్యాన్సర్ రోగుల మనసు కోసమే ఒక విభాగం పెట్టారు. ఇప్పుడు చాలాచోట్ల వాడే ఒక కాగితం ఆ దారిలో వచ్చిందే. థర్మామీటర్ బొమ్మ, సున్నా నుంచి పది దాకా అంకెలు. ఈ వారం మీ బాధ ఎంత? నాలుగూ ఆపైన ఉంటే కూర్చుని మాట్లాడాలి. "డిప్రెషన్ ఉందా?" అంటే మనవాళ్లు ఠక్కున లేదంటారు. "బాధ ఎంత?" అంటే చెబుతారు. పక్కనే డబ్బు, పిల్లలు, ప్రయాణం, నిద్ర అని ఉంటాయి, టిక్ పెట్టాలి.

ఆ తల్లికి థర్మామీటర్ ఎక్కలేదు. "పదహారణాల్లో ఎన్నణాలమ్మా?" అన్నాను. "పన్నెండు" అంది. దేనికి? చావు మాట వస్తుందని నేను గుండె గట్టి చేసుకున్నాను. "బర్రె సూడి మీదున్నది. నేను ఇంటికి పోయేటాలకే ఈనుతదేమో. ఎవలు సూస్తరు?"

పలకరింపుకు వెళ్లే మనం ఇలాంటిది అడగం. బత్తాయిలు పట్టుకెళ్లి, "ధైర్యంగా ఉండు" అంటాం. ఆ మాటతో ఎదుటివాళ్ల నోరు మూతపడుతుంది. కొందరైతే ఇదే జబ్బుతో పోయిన పెదనాన్న కథంతా మంచం పక్కనే చెబుతారు! ఇంట్లో గ్లాసూ కంచం వేరు పెట్టినవాళ్లనీ చూశాను. క్యాన్సర్ అలా అంటుకోదు. ఆ వేరే గ్లాసు పెట్టే బాధకు ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు.

ఇక వెంట ఉండేవాళ్లు. ఫైలు, ఆరోగ్యశ్రీ కార్డు, మందుల కవరు, అన్నీ ఒక్కరి చేతుల్లోనే. ఆ మనిషిని "నువ్వు తిన్నావా?" అనేవాళ్లుండరు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ పక్కింటివాళ్ల కీమో తేదీలు తన క్యాలెండర్‌లో రాసుకుంది. ఆ రోజుల్లో వాళ్ల పిల్లల్ని తనే స్కూలుకు దింపింది. ఎప్పుడూ ఓదార్చినట్టు మాట్లాడలేదు.

ఆ కుర్రాడికి బర్రె సంగతి చెప్పాను. అప్పటికప్పుడు ఊళ్లో పక్కింటాయనకు ఫోన్ చేసి తల్లికిచ్చాడు. కుడితి, గడ్డి, దూడ... పది నిమిషాలు మాట్లాడింది, మధ్యలో ఆయన్ని తిట్టింది కూడా. మర్నాడు "ఎన్నణాలమ్మా?" అంటే "ఎనిమిది" అంది. జబ్బు పేరు మాత్రం తల్లీ కొడుకూ ఇంకో వారం దాకా ఎత్తలేదు.