ట్రైన్ టు బుసాన్: ఈసారి జాంబీల్ని కాదు, తలుపుల్ని చూశాను

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నది 'ట్రైన్ టు బుసాన్' బ్లూ-రే డిస్క్. ముందే చెప్పేస్తున్నాను, ఇది నేను కొన్నది కాదు. డిస్కులు అమ్మే ఒక దుకాణం వాళ్ళు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. ఏం మాట్లాడాలో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. పిక్చర్ బాగుంది, సౌండ్ ఇంకా బాగుంది. డిస్కు సంగతి అంతే. నాకు సినిమా గురించి మాట్లాడాలని ఉంది.

కథ మీకు తెలిసే ఉంటుంది. 2016లో వచ్చిన కొరియన్ సినిమా. దర్శకుడు యోన్ సాంగ్ హో, అంతకుముందు యానిమేషన్ సినిమాలు తీసేవాడు. గాంగ్ యూ హీరో. సియోల్‌లో రైలెక్కిన తండ్రీ కూతురూ బుసాన్ చేరాలి, దారిలో రైలు నిండా జాంబీలు, కరిచి మనిషిని తమలాగే మార్చేసేవాళ్ళు. ఇంకా చూడనివాళ్ళు ఉంటే ఇక్కడే ఆపేసి సినిమా చూసి రండి. ముగింపుతో సహా అన్నీ చెప్పబోతున్నాను.

నేను దీన్ని ఐదుసార్లు చూశాను. మొదటిసారి భయపడ్డాను. రెండోసారి ఇందులో ఒక గర్భిణి భర్తగా వేసిన నటుడు 'మా డాంగ్ సొక్' కోసం చూశాను, ఆ మనిషి చేతులకి టేపు చుట్టుకుని ముందుకి నడుస్తుంటే ఎవరికైనా ధైర్యం వస్తుంది. ఈసారి మాత్రం తలుపుల్నే చూస్తూ కూర్చున్నాను.

ఈ జాంబీలకి తలుపు తీయడం రాదు. కళ్ళకి మనిషి కనిపిస్తేనే మీద పడతారు. ఈ సంగతి మొదట కనిపెట్టేది ఒక గర్భిణి. అద్దం తలుపు అవతల జాంబీలు మొహాలు ఆనించి కొట్టుకుంటుంటే, ఆవిడ సీసాలో నీళ్ళు అద్దం మీద చల్లి, న్యూస్‌పేపర్ తెచ్చి అతికిస్తుంది. తడి కాగితం అద్దానికి పట్టుకుంటుంది. అవతల గోల మెల్లగా తగ్గిపోతుంది. తుపాకీ లేదు, బాంబు లేదు, ఒక నీళ్ళ సీసా, పాత పేపరు. ఈ ఒక్క సూత్రం మీదే సినిమా మొత్తం నడుస్తుంది. రైలు సొరంగంలోకి వెళ్తే చీకటి, చీకట్లో జాంబీలకి కనపడదు, అప్పుడే పై సామాన్ల అర మీద పాకుతూ బోగీ దాటాలి. వెలుతురు వచ్చేలోపు అవతలికి చేరాలి. ఆ సీన్‌లో నేను ఊపిరి బిగబట్టిన సంగతి అది అయ్యాక గానీ తెలియలేదు.

కానీ నన్ను పట్టుకున్నది వేరే తలుపు. గుర్తుందా, ఈ సినిమాలో సాటి మనిషి మొహం మీద మొదట తలుపు మూసేది విలన్ కాదు, హీరో! జాంబీలు తరుముతుంటే ఆ గర్భిణీ, ఆవిడ భర్తా పరుగెత్తుకొస్తున్నారు, వాళ్ళు చూస్తుండగానే మూసేస్తాడు. తర్వాత ఇదే మనిషి పదిహేనో బోగీ తలుపు బయట నిలబడి కొట్టాల్సి వస్తుంది, లోపలివాళ్ళు తియ్యరు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి రాజమండ్రికి జనరల్ బోగీలో వెళ్ళాను. ప్లాట్‌ఫాం మీద జనం. లోపలివాళ్ళు గడియ పెట్టేసుకున్నారు. "చోటు లేదు, వెనక బోగీకి పో" అని కిటికీలోంచి అరుస్తున్నారు. నేను తలుపు బాదుతూ ఏడుపుమొహంతో నిలబడ్డాను. ఎవరో ఒకాయన జాలిపడి గడియ తీశాడు, దూరిపోయాను. ఆ రాత్రి వరంగల్‌లో బండి ఆగింది. ఇప్పుడు తలుపుకి ఆనుకుని కూర్చున్నది నేను. బయట నుంచి ఎవరో ఆడమనిషి కొడుతోంది. చేతి గాజులు ఇనుముకి తగిలి చప్పుడు చేస్తున్నాయి, "బాబూ, పిల్లాడున్నాడు బాబూ" అంటోంది. నేను లేవలేదు. బండి కదిలింది. సినిమాలో పదిహేనో బోగీ సీన్ వచ్చిన ప్రతిసారీ నాకు ఆ గాజుల చప్పుడే వినపడుతుంది.

అందుకే ఈ సినిమా మీద నా కోపం కూడా అక్కడే. బస్సు కంపెనీ పెద్దమనిషి ఒకడున్నాడు కదా, అందర్నీ రెచ్చగొట్టేవాడు. వాణ్ణి మరీ అంత దుర్మార్గుణ్ణి చేయాల్సింది కాదు! వాడొక్కడిని తిట్టుకుంటే చాలు, మిగతా బోగీ మొత్తం తప్పించుకుంటుంది. తలుపు పట్టుకున్న చేతులు వాడివి మాత్రమే కాదు కదా. భయపడ్డ మామూలు మనుషులవి. ఆ మాట సినిమాకి తెలుసు, తెలిసి కూడా విలన్ వెనక దాక్కుంది.

అయితే వెంటనే ఆ ముసలావిడ సీన్ వస్తుంది, నా కోపం సగం కరిగిపోతుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఒకరు లోపల క్షేమంగా ఉన్నారు, ఇంకొకరు జాంబీ అయిపోయి అద్దం అవతల నిలబడ్డారు. లోపలున్నావిడ ఆ మొహాన్ని చూస్తుంది, వెనక్కి తిరిగి ఈ బోగీలో జనాన్ని చూస్తుంది. మా అమ్మ నా పక్కనే కూర్చుని చూస్తోంది. "వద్దే, తియ్యకే" అంది. ఒక్క క్షణం ఆగి, "తియ్యనీ" అంది. ఆవిడ తలుపు తీసేసింది. జాంబీ సినిమాల్లో ఇంతకంటే గట్టిగా తగిలే సీన్ నేను చూడలేదు.

ఈ జానర్‌లో దీని స్థానం ఎక్కడ అంటే, 1968 దాకా వెళ్ళాలి. జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో ఒక పల్లె ఇల్లు, కిటికీలకి కొట్టిన చెక్కలు, లోపల కొట్టుకునే మనుషులు. అందులోనూ హీరో బెన్ బయట ఉంటే లోపలివాడు తలుపు తియ్యడు. 1978లో ఆయనే జాంబీల్ని షాపింగ్ మాల్‌కి తీసుకెళ్ళాడు. 2002లో డానీ బాయిల్ '28 డేస్ లేటర్'తో వేగం పెరిగింది, ఈడ్చుకుంటూ నడిచేవాళ్ళ స్థానంలో పరుగెత్తేవాళ్ళు వచ్చారు. మన ప్రశాంత్ వర్మ కూడా 2021లో 'జాంబీ రెడ్డి'తో దీన్ని కర్నూలు ఫ్యాక్షన్‌లోకి తెచ్చారు. మన నేలకి సొంతమైన భయాన్ని పట్టుకోవడం నాకు చాలా నచ్చింది.

యోన్ సాంగ్ హో చేసింది ఏమిటంటే, దాక్కునే ఇంటిని కదిలే రైలుగా మార్చాడు. ఇంట్లో అయితే కూర్చోవచ్చు. ఇక్కడ కూతురు నాలుగు బోగీల అవతల ఉంది, మధ్యలో జాంబీలున్నారు, ముందుకి వెళ్ళాల్సిందే. పైగా టీవీలో ప్రభుత్వం "అంతా అదుపులోనే ఉంది, శాంతంగా ఉండండి" అంటూ ఉంటుంది. 2014లో కొరియాలో సెవోల్ అనే ఓడ మునిగి 304 మంది చనిపోయినప్పుడు, కదలకుండా ఉన్నచోటే ఉండమని మైకులో చెప్పారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది స్కూలు పిల్లలు. కొరియా ప్రేక్షకులకి ఆ టీవీ మాటలు ఎలా వినిపించి ఉంటాయో ఆలోచించండి. ఆ దేశంలో కోటిమందికి పైగా థియేటర్లలో చూశారు.

ఇక ముగింపు. రొమేరో సినిమాలో బెన్ రాత్రంతా బతికి తెల్లారి బయటికి చూస్తే, జాంబీ అనుకుని మనుషులే కాల్చేస్తారు. ఇక్కడా అదే పరిస్థితి. బుసాన్ ముందు చీకటి సొరంగం. ఆ గర్భిణీ, చిన్నపిల్లా నడిచొస్తున్నారు. సైనికులకి మనుషులో జాంబీలో తేలడం లేదు, కాల్చెయ్యమని ఆర్డర్ వచ్చేసింది. అప్పుడు ఆ పిల్ల పాడుతుంది. 'అలోహా ఓయే', హవాయి వీడ్కోలు పాట. స్కూల్లో నాన్న రాలేదని మధ్యలో ఆపేసిన పాట అది. ఆయన కోసమే నేర్చుకుంది. ఇప్పుడు నాన్న లేడు, ఇక రాడు. జాంబీలు అరుస్తారు, పరుగెత్తుతారు, పాడలేరు. తుపాకులు దిగిపోతాయి. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత బెన్‌కి ఎవరో జవాబిచ్చినట్టు అనిపించింది నాకు. తండ్రి చివర్లో గుర్తుచేసుకునే ఆ తెల్లటి ఫ్లాష్‌బ్యాక్ కాస్త ఎక్కువైందన్నవాళ్ళు ఉన్నారు, నేను కాదనను. ఈ పాట ముందు అది నాకు లెక్కలోకి రాదు.

స్టార్లు ఇవ్వను. నా అల్మారాలో రొమేరో సినిమా పక్కనే దీనికి చోటు పెట్టాను. కొరియన్ ఆడియోతోనే చూడండి, రాత్రి, లైట్లు తీసేసి. చివరి సొరంగంలో ముందు ఏడుపు వస్తుంది, దాని వెనకాలే పాట. సౌండ్ కాస్త పెంచి పెట్టుకోండి.