తప్పని తెలిసినా పిల్లలు అలాగే ఎందుకు రాస్తారు? సీలియా హాయిల్స్ ఏం కనిపెట్టారు?

"గణిత విద్య మీద రీసెర్చ్" అనగానే "లెక్కలు రానివాళ్ళేగా అటు వెళ్ళేది" అంటారు చూడండి, నాకు ఒళ్ళు మండేది అక్కడే. సీలియా హాయిల్స్ మాంచెస్టర్‌లో గణితంలో ఫస్ట్ క్లాస్ డిగ్రీ తెచ్చుకున్నావిడ. లండన్ బళ్ళలో పాఠాలు చెప్పి, ఆ తర్వాతే రీసెర్చ్‌లోకి వచ్చారు.

ఆవిడ ఏం చేశారో ఒక్క లెక్కతో చెప్తాను. రెండు సరి సంఖ్యలు కలిపితే సరి సంఖ్యే వస్తుంది. ఎందుకు?

తోటి పరిశోధకురాలు లులు హీలీతో కలిసి ఇంగ్లండ్‌లో దాదాపు 2,500 మంది పిల్లల ముందు ఇదే పెట్టారు. 14, 15 ఏళ్ళవాళ్ళు, లెక్కల్లో బాగా చేసేవాళ్ళే. రెడీమేడ్‌గా కొన్ని జవాబులు, ఒక్కోదానికి ఒక కల్పిత పేరు పెట్టి, ఇచ్చారు.

[స్క్రీన్ మీద జవాబులు ఒక్కొక్కటిగా]

బానీ అనే అమ్మాయి ఉదాహరణలు రాసి ఊరుకుంది: 2+2=4, 4+2=6, ఇలా. డంకన్ మాటల్లో చెప్పాడు: సరి సంఖ్య చివర 0, 2, 4, 6, 8 ఉంటాయి, వాటిలో ఏ రెండు కలిపినా చివర మళ్ళీ అవే వస్తాయి అని. చక్కగా ఉంది కదా! ఇక ఎరిక్. వీడు నా ఫేవరెట్. ఎక్స్ ప్లస్ వై ఈజీక్వల్టు జెడ్ అని మొదలెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి "కాబట్టి ఇది నిజమే" అని తేల్చేస్తాడు. సరి సంఖ్యకీ ఆ లైన్లకీ సంబంధమే లేదు!

ఇప్పుడు పిల్లలకి రెండు ప్రశ్నలు. నువ్వైతే ఏది రాస్తావు? టీచర్ దేనికి ఎక్కువ మార్కులేస్తారు?

నేనైతే ఇదే రాస్తానని ఎరిక్‌ని ఎంచుకున్నవాళ్ళు బహు కొద్దిమంది. మార్కుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బోలెడుమంది ఎరిక్ వైపే! అర్థం కాకపోయినా పర్లేదు, ఎక్స్, వై కనబడితే మార్కులు పడతాయని నమ్మకం. ఉదాహరణలు ఒక్కటే సరిపోవని కూడా చాలామందికి తెలుసు, అయినా సొంతంగా రాయమంటే అవే రాశారు. 2000లో వచ్చిన పేపర్ ఇది. "పిల్లలకి లాజిక్ రాదు" అనేవాళ్ళకి నేను ముందు దీన్నే చూపిస్తాను. ఎరిక్ లాంటి జవాబుకే మార్కులు పడతాయని ఈ పిల్లలకి నేర్పింది ఎవరు మరి?

ఆ ప్రశ్న పిల్లల్ని దాటి టీచర్ల దగ్గరికీ, పరీక్షల దగ్గరికీ వెళ్తుంది. అందుకే ఆవిడ పాలసీ వైపు వెళ్ళడం నాకు వింతగా అనిపించదు. 2004 నుంచి 2007 దాకా బ్రిటన్ ప్రభుత్వానికి గణితంలో ముఖ్య సలహాదారు. తర్వాత 2013 దాకా గణిత టీచర్ల కోసం పెట్టిన జాతీయ కేంద్రానికి డైరెక్టర్. ఉద్యోగంలో ఉన్న టీచర్లు నేర్చుకుంటూ ఉండేలా చూడటం దాని పని. సిలబస్ మార్చడం కంటే ఇదే కష్టమని నా లెక్క.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. గణిత విద్య రీసెర్చ్‌కి ఇచ్చే అంతర్జాతీయ అవార్డు ఫ్రాయిడెంతాల్ మెడల్ మొట్టమొదట, 2003కి, ఆవిడకే వచ్చింది. 1980ల్లో టీవీలో లెక్కల షో కూడా చేశారు. ఆ తర్వాత మరో పరిశోధకుడు రిచర్డ్ నాస్‌తో కలిసి స్క్రాచ్‌మ్యాథ్స్ అనే రెండేళ్ళ ప్రోగ్రామ్: 9 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి కోడింగ్‌తో లెక్కలు. వేరే బృందం పరీక్షించి 2018లో తేల్చిందేమిటంటే, కంప్యూటర్ తరహా ఆలోచన మెరుగైంది, జాతీయ గణిత పరీక్ష మార్కులు మాత్రం పెరగలేదు. పరీక్షలున్న రెండో ఏడాది ఆ పాఠాలు మొదటి ఏడాది నడిచినంతగా నడవలేదు కూడా. దీన్ని ఫెయిల్ అంటారా, అనరా? నేను అనను. ఎందుకో ఇంకో వీడియోలో.