డబ్బా తయారు చేసే ముందు ఒక ప్రశ్న

(తెర మీద: ఖాళీ అట్టపెట్టె. మూతకి కత్తెరతో చీలిక కోస్తున్న చేతులు.)

హైస్కూల్లో నిధి సేకరణ అనగానే ముందు తయారయ్యేది ఇదిగో, ఈ డబ్బా. రంగు కాగితం అంటించి, పైన చీలిక కోసి, 'సాయం చేయండి' అని స్కెచ్ పెన్నుతో రాసేస్తాం. పూటలో అయిపోతుంది, సరదాగా కూడా ఉంటుంది. అందుకే అందరం ముందు దీని మీద పడతాం.

నా సంగతే చెప్తాను. పదో తరగతిలో మా బ్యాచ్ ఒక వృద్ధాశ్రమం కోసం డబ్బులు పోగు చేసింది. చలికాలం, పెద్దవాళ్ళు... ఇంకేముంది, దుప్పట్లు! ఎవరూ ఎవర్నీ అడగలేదు. కొన్నాం, కట్టలు కట్టాం, మోసుకెళ్ళాం. అక్కడ అన్నీ చూసుకునే ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఓ బీరువా తలుపు తీసింది.

(తెర మీద: బీరువా. కింది అర నుంచి పైదాకా దుప్పట్లు, కవర్లు విప్పనివి.)

"ఆ పై అరలో కొంచెం చోటుంది బాబూ, అక్కడ సర్దండి" అంది. అన్నీ మాలాంటివాళ్ళు ఏటేటా ఇచ్చినవే. కొన్నిటికి ధర చీటీ కూడా ఊడలేదు. బయటికొస్తుంటే మావాడొకడు మాటవరసకి అడిగాడు, "ఇంకేమైనా కావాలా అండీ?" అని. ఆవిడ తడుముకోలేదు. "బాత్రూం గోడలకి పట్టుకోవడానికి కడ్డీల్లేవు. పోయిన నెలలో ఇద్దరు జారిపడ్డారు."

దారిపొడుగునా మాలో ఎవరికీ మాట రాలేదు.

మొదట వెళ్ళాల్సింది ఇచ్చేవాళ్ళ దగ్గరికి కాదు, పుచ్చుకునేవాళ్ళ దగ్గరికి. అదీ ఎలా పడితే అలా అడిగితే పని జరగదు. "మీకేం కావాలి?" అంటే చాలామంది "ఏం వద్దు నాయనా, బానే ఉన్నాం" అనేస్తారు. మొహమాటం. "రోజు మొత్తంలో ఏ పని దగ్గర ఇబ్బంది అవుతోంది?" అని అడిగి చూడండి. చక్రాల కుర్చీ టైరు అరిగిపోయి గడప దాటలేకపోవడం, చెవి మిషను ఉండి కూడా బ్యాటరీలకి డబ్బుల్లేక సొరుగులో పడుండటం... ఇలాంటివి అప్పుడు బయటికొస్తాయి. ఇవి బయటినుంచి మనం ఊహించేవి కావు.

(తెర మీద: నోటుపుస్తకంలో ఖర్చుల పట్టీ రాస్తున్న పెన్ను.)

తర్వాత లెక్క. 1998లో కెనడాలో రయన్ హ్రెల్జాక్ అనే 6 ఏళ్ళ పిల్లాడికి, ఆఫ్రికాలో ఒక బావికి 70 డాలర్లు చాలని టీచరు చెప్పింది. ఇంట్లో పనులు చేసి అంతా కూడబెట్టాడు. తీరా పట్టుకెళ్తే, "70కి చేతిపంపు వస్తుంది, బోరు వెయ్యాలంటే 2,000 అవుతుంది" అన్నారు. "అయితే ఇంకా పనులు చేస్తాను" అన్నాడట. 1999లో ఉగాండాలో ఒక బడి దగ్గర ఆ బావి పడింది. అంత పట్టుదల మనందరికీ ఉండదు కాబట్టి, బోరు ఖర్చు ముందే కనుక్కోవడం మేలు. మా విషయంలో కడ్డీ ధర ఒక్కటే కాదు: గోడకి రంధ్రం వేసే మేస్త్రీ కూలి, పగిలితే మార్చాల్సిన టైల్, సామాను తెచ్చే బండి. అన్నీ కలిపాక మేం మొదట అనుకున్నదానికి దాదాపు రెట్టింపయింది.

ఇక అడగడం. ఇక్కడ ఊరికే సిగ్గుపడతాం. 1976లో అమెరికాలో చియాల్దీనీ, ష్రోడర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంటింటికీ చందాల కోసం మనుషుల్ని పంపి చూశారు. మామూలుగా అడిగితే నూటికి 29 మంది ఇచ్చారు. అదే మాటలకి "ఒక్క పెన్నీ అయినా సాయమే" అని చేరిస్తే 50 మంది ఇచ్చారు. ఇచ్చే మొత్తాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు కూడా. వేన్నీళ్ళకు చన్నీళ్ళు అని మనం ఎప్పుడూ అనేదే, వాళ్ళు లెక్క కట్టి చూపించారు.

అంకెలతో ఊదరగొట్టకండి. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో, లక్షలమంది ఆకలి గణాంకాలు చదివినవాళ్ళకంటే ఒకే ఒక్క చిన్నపిల్ల గురించి చదివినవాళ్ళు ఎక్కువ ఇచ్చారు. ఇక్కడే ఓ గోతిలో పడతాం. ఒక్కరి కథ చెప్పమన్నారు కదా అని ఆ పెద్దాయన మొహానికి ఫోన్ పెట్టేస్తాం. వద్దు. అందులోనూ ఉండేది ఇదే ఊళ్ళో, రేపు దారిలో ఎదురుపడే మనిషి. "బాత్రూంకి వెళ్ళాలంటే భయపడి నీళ్ళు తాగడం తగ్గించేశారు ఒకాయన" అన్న ఒక్క మాట చాలు. పేరెందుకు, ఫొటో ఎందుకు?

(తెర మీద: బల్ల మీద బోర్లించిన డబ్బా. నాణేల చప్పుడు.)

ఇప్పుడు డబ్బా. దాన్ని ఒక్కరే తెరవకూడదు, ఎంత నమ్మకస్తులైనా సరే. ఇద్దరు కూర్చోండి. నాణేలు పదేసి దొంతర్లుగా పెట్టండి, నోట్ల మడతలు విప్పండి. ఎవరి కాగితం మీద వాళ్ళు మొత్తం రాసుకుని, అప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వస్తే మళ్ళీ మొదట్నుంచి. విసుగు పుట్టించే పనే, కానీ ప్రాజెక్టు మొత్తానికీ నేను దీన్నే ముఖ్యమంటాను. డబ్బు అదే రోజు టీచరు చేతికో, బడి ఖాతాలోకో వెళ్ళిపోవాలి. ఎవరి బ్యాగులోనూ రాత్రి గడపకూడదు.

లెక్క నలుగురికీ చూపిస్తే ఏమవుతుందో 1885లో జోసెఫ్ పులిట్జర్ అనే పత్రికాధిపతి చేసి చూపించాడు. న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ నిలబెట్టే పీఠానికి డబ్బు చాలక ఆగిపోతే, ఎంత చిన్న మొత్తం ఇచ్చినా పేరు తన పత్రికలో అచ్చేస్తానన్నాడు. ఐదారు నెలల్లో లక్ష డాలర్లు దాటింది. ఎక్కువమంది ఇచ్చింది డాలరు కంటే తక్కువే. మీకు పత్రిక అక్కర్లేదు, నోటీసు బోర్డు చాలు. ఎంత వచ్చింది, దేనికి పోయింది, ఎంత మిగిలింది. మిగిలితే ఏం చేస్తారో మాత్రం చందాలకి బయల్దేరేముందే చెప్పాలి. తర్వాత చెబితే సంజాయిషీలా ఉంటుంది.

(తెర మీద: బాత్రూం గోడకి బిగించిన స్టీలు కడ్డీ.)

మరుసటి ఏడు మా జూనియర్లతో కలిసి కడ్డీలు పెట్టించాం. మేస్త్రీ బిగించి, ఊపి చూసి, "ఏనుగు పట్టుకున్నా ఊడదు" అన్నాడు. అప్పుడే ఒక పెద్దాయన మెల్లగా నడుచుకుంటూ వచ్చి, చెయ్యెత్తి కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"బావుంది అబ్బాయ్. కాకపోతే జానెడు కిందికుంటే నాకు అందేది."

ఎత్తు ఎంత పెట్టాలని మేం ఎవర్నీ అడగలేదు. మిగిలిన డబ్బు మేస్త్రీ రెండోరోజు కూలికి సరిగ్గా సరిపోయింది.