నీడల్ని విసిరే తిరగలి: పిల్లల దెయ్యం కథ రాయడం, బొమ్మలు వేయడం

[తెర నల్లగా ఉంటుంది. తిరగలి తిరిగే చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది.]

ఇది తిరగలి చప్పుడు. పాతకాలం ఇల్లు, పెరటి వసారా, అర్ధరాత్రి. ఎవరూ తిప్పడం లేదు, అదే తిరుగుతోంది.

ఈ తిరగలి మీద ఇవాళ మనం ఒక కథ కడదాం. ఏడెనిమిదేళ్ల పిల్లలకి రాత్రిపూట చదివి వినిపించే బొమ్మల కథ. రాయడం గురించీ బొమ్మల గురించీ కలిపే మాట్లాడతాను, ఎందుకంటే దెయ్యం కథల్లో ఆ రెండూ విడివిడిగా ఆలోచిస్తే భయం అక్కడే సగం పోతుంది.

పిల్లలకి దెయ్యం కథలెందుకండీ, జడుసుకుంటారు కదా అని చాలామంది అడుగుతారు. పిల్లలు ఎలాగూ భయపడతారు. కరెంటు పోతే భయపడతారు, బాత్రూమ్ ఇంటికి దూరంగా ఉంటే భయపడతారు, మంచం కింద ఏదో ఉందని కాళ్లు పైకి ముడుచుకుంటారు. మనం కథ చెప్పకపోయినా ఇవన్నీ ఉంటాయి. కథ చేసే పని ఏమిటంటే, ఎటు నుంచి వస్తుందో తెలియని ఆ భయానికి ఒక మొదలూ ఒక చివరా పెడుతుంది. అందుకే దెయ్యాన్ని బుజ్జి దెయ్యంగా మార్చేసి, నవ్వించి, చివర్లో అందరికీ లడ్డూలు పంచిపెట్టే కథలు నాకు నచ్చవు. దెయ్యాన్ని దెయ్యంగానే ఉండనివ్వండి. కానీ దానికి ఒక నియమం పెట్టండి. ఈ వీడియో అంతా ఆ నియమం గురించే.

[తెరపై: భుజాన శవంతో నడుస్తున్న రాజు, నీడబొమ్మగా]

బేతాళుణ్ణే తీసుకోండి. శ్మశానం, చెట్టుకి వేలాడే శవం, ఆ శవంలో దూరి మాట్లాడే బేతాళుడు. పిల్లల పత్రికలో పెట్టే సరుకేనా అనిపిస్తుంది. అయినా చందమామలో నెలనెలా, కొన్ని దశాబ్దాల పాటు అదే వచ్చింది, పిల్లలు ఎదురుచూసి మరీ చదివారు. ఎందుకంటే అక్కడ రెండే రెండు నియమాలు. రాజు నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. ఒకదాన్ని పాటిస్తే రెండోది కుదరదు. ఈ సంగతి చదివే పిల్లకి ముందే తెలుసు. ఇక శవాన్ని చూసి జడుసుకోవడం మానేసి, జవాబేమై ఉంటుందా అని ఆలోచించడం మొదలుపెడుతుంది. పదకొండో శతాబ్దంలో కాశ్మీరులో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో బేతాళ కథలు 25. చందమామ వాళ్లు అక్కడ ఆగలేదు, ఎక్కడెక్కడి కొత్త కథలనో తెచ్చి అదే చట్రంలో కూర్చారు. నియమం గట్టిది కాబట్టి ఎన్ని కథలనైనా మోసింది.

ఆ బొమ్మ సంగతీ చెప్పాలి. వేసింది శంకర్ గారు, అసలు పేరు కె.సి. శివశంకరన్. 2020లో పోయారు, మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. ఒక చేతిలో కత్తి, భుజం మీద శవం, నడుస్తున్న రాజు. బొమ్మలో రాజు పారిపోవడం లేదు, అరవడం లేదు. నడుస్తున్నాడు, అంతే. తను ఎంత భయపడాలో పిల్ల ఆ ముఖాన్ని చూసే తేల్చుకుంటుంది. చుట్టూ ఎంత భయంకరంగా ఉన్నా మధ్యలో ఉన్న మనిషి నిలకడగా ఉంటే ఆ పేజీ మీద కాసేపు ఆగుతుంది. దెయ్యం కథకి బొమ్మలు వేసేవాళ్లు ముందు దెయ్యాన్ని వేసుకుంటారు, నన్నడిగితే ముందు కథలోని పిల్ల ముఖం వేసుకోండి.

బుర్రకథల్లో విన్న బాలనాగమ్మ కథలోనూ అంతే కదా, మాయల ఫకీరు ఎంతటివాడైనా వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. అదీ నియమమే. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, 1990లలో మన ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద రాసిన ‘ఓ స్త్రీ రేపు రా’. దెయ్యం రాత్రి వచ్చి తలుపు కొడుతుంది, గోడ మీద రాత చదివి వెళ్లిపోతుంది, మళ్లీ రేపు వస్తుంది, మళ్లీ అదే రాత. ఎవరు పుట్టించారో గానీ, భయమూ దాని విరుగుడూ కలిపి ఒకే వాక్యంలో పెట్టేశారు. అప్పట్లో పిల్లలుగా ఉన్నవాళ్లని అడగండి, భయంతో పాటు ఆ సుద్దముక్క కూడా గుర్తుంటుంది.

[తెరపై: తిరగలి, దాని కొయ్య పిడి, పక్కన దీపం]

ఇప్పుడు మన తిరగలి. చిట్టి వేసవి సెలవులకి అమ్మమ్మగారి ఊరు వచ్చింది. చీకటంటే భయం, అందుకే దీపం ఆర్పొద్దని మారాం చేసి పడుకుంటుంది. అర్ధరాత్రి పెరటి వసారాలో తిరగలి తిరుగుతుంది. తెల్లారి చూస్తే దాని చుట్టూ నల్లటి పిండి. ఆ రోజు నుంచి ఇత్తడి బిందె కింద పడినా చప్పుడు రాదు. మర్నాడు పిల్లి నోరు తెరుస్తుంది, మ్యావ్ రాదు. మూడో రాత్రి గడిచాక అమ్మమ్మ పెదవులు కదులుతాయి, మాట రాదు.

నియమం ఇది: దీపం వెలుగులో పడ్డ నీడల్ని తిరగలి గింజల్లా విసిరి పిండి చేస్తుంది. నీడ పోయినదానికి గొంతు పోతుంది.

దీన్నుంచి బయటపడే దారి బయటి నుంచి తేకూడదు. మంత్రగాడు వచ్చి తాయెత్తు కట్టడం, మెలకువ వచ్చి చూస్తే అంతా కల అవడం, ఇవి రెండూ పిల్లల్ని మోసం చేయడమే అంటాను. దారి ఆ నియమంలోనే ఉండాలి. నీడ ఎప్పుడు పడుతుంది? దీపం ఉంటే. అంటే చిట్టి ధైర్యం కోసం పెట్టుకున్న దీపమే తిరగలికి మేత వేస్తోంది. నాలుగో రాత్రి చిట్టి తనంతట తనే దీపం ఆర్పేయాలి. చిమ్మచీకట్లో కూర్చోవాలి. తిరగలికి దొరికేదేమీ ఉండదు, తిరిగి తిరిగి ఆగిపోతుంది. తెల్లారాక చిట్టి ఆ నల్లటి పిండి పిడికిట్లోకి తీసుకుని, అమ్మమ్మ పాదాల దగ్గర మొదలుపెట్టి, ముగ్గు వేసినట్టు నేల మీద అమ్మమ్మ నీడని గీస్తుంది. అమ్మమ్మ దగ్గుతుంది, తర్వాత ‘ఏం చేస్తున్నావే పొద్దున్నే’ అంటుంది.

తిరగలిని ఎవరు తిప్పుతున్నారో మాత్రం చెప్పకండి. చివరిదాకా చెప్పకండి. నియమం చెప్పాం, అది చాలు. చెయ్యో, జుట్టో, ఎర్రటి కళ్లో చూపించామా, పిల్లలు అప్పటిదాకా తమ మనసులో వేసుకున్న బొమ్మ కన్నా అది చిన్నదైపోతుంది.

రాసేటప్పుడు ‘భయంకరమైన’, ‘వింతైన’, ‘గుండెలు అదిరేలా’ లాంటి మాటలన్నీ కొట్టేయండి. ఎలా అనిపించిందో కాదు, ఏం జరిగిందో చెప్పండి. ‘బిందె గచ్చు మీద పడింది. దొర్లింది. చిట్టి చెవులు రుద్దుకుంది.’ ఇంతకన్నా ఏం కావాలి? పైకి చదివే కథ కాబట్టి రాత్రి వచ్చినప్పుడల్లా ఒకే వాక్యంతో మొదలుపెట్టండి, రెండో రాత్రికి పిల్లలు మీతో పాటు అంటారు, మూడో రాత్రి ఆ వాక్యంలో ఒక్క మాట మార్చండి, అప్పుడు గదిలో ఎవరూ కదలరు. తిరగలి చప్పుడుకి మాత్రం మీ చెవిని నమ్మండి, ‘గుర్ర్... గుర్ర్’ అని రాస్తారో ఇంకోలా రాస్తారో, చదివేవాళ్ల గొంతులో అది తిరగాలి.

[తెరపై: ఒకే గది, రెండు బొమ్మలు పక్కపక్కన]

ఇక బొమ్మలు. నేను బాగా ఇష్టపడే చోటు ఇదే. ఈ కథ మాటల్లో ‘నీడ’ అన్న మాట చివరి పేజీల దాకా రాయకండి. మాటలు చప్పుడు సంగతి చెబుతాయి, నీడ సంగతి బొమ్మే చూపించాలి. బిందె చప్పుడు పోయిందని అమ్మ చదువుతుంటే, ‘అమ్మా, బిందెకి నీడ లేదు’ అని పక్కనున్న పిల్ల వేలు పెట్టి చూపించాలి. చిట్టి కన్నా ముందు ఆ పిల్లే కనిపెట్టాలి.

అది జరగాలంటే మొదటి పేజీలోనే నీడలు నిక్కచ్చిగా వేయాలి. గదిలో వెలుగు ఒక్క దీపం నుంచే రావాలి, అన్ని నీడలూ దీపానికి అవతలి వైపుకే పడాలి, దీపం నేల మీద ఉంటే గోడ మీదికి పొడుగ్గా సాగాలి. మీరు పేజీకో దిక్కున నీడ వేస్తే, బిందెకి నీడ లేకపోవడం కావాలని చేసిందో మర్చిపోయిందో పిల్లలకి ఎలా తెలుస్తుంది? అదే గదిని, అదే కోణంలో, అవే వస్తువులతో ప్రతి రాత్రికీ మళ్లీ వేయండి. విసుగనిపించినా వేయండి. తిరగలి పిడి మాత్రం ప్రతిసారీ కొంచెం పక్కకి జరిగి ఉండాలి.

చూపు ఎత్తు కూడా చిట్టిదే. నేలకి దగ్గరగా కూర్చుని చూస్తే వసారా స్తంభాలు పెద్దవవుతాయి, తిరగలి నడుము దాకా వస్తుంది. రంగులు ఎక్కువ వద్దు, నీలం కలిసిన బూడిద రంగు, దీపం చుట్టూ పసుపు, నల్లటి పిండి. పసుపు కనిపించిన చోట పిల్లలకి కాస్త ఊపిరి ఆడుతుంది, అందుకే నాలుగో రాత్రి దాన్ని తీసేయడం అంత పెద్ద విషయం.

ఆ నాలుగో రాత్రి పేజీ ఎక్కడ పడుతుందో ముందే చూసుకోవాలి. బొమ్మల పుస్తకం మామూలుగా 24 లేదా 32 పేజీలు. కాగితాలు మడిచి చిన్న డమ్మీ కుట్టుకుని, పెన్సిల్‌తో గీసుకుంటూ పేజీలు తిప్పి చూడండి, కంప్యూటర్ తెర మీద ఇది తెలియదు. చిట్టి బుగ్గలు పూరించి దీపం మీదకి వంగిన బొమ్మ కుడి పేజీలో రావాలి, ఎందుకంటే దాని తర్వాత కాగితం తిప్పాలి. తిప్పగానే రెండు పేజీలూ నలుపే.

[తెర నల్లగా మారుతుంది. తెల్లటి అక్షరాల్లో: ‘తిరగలి వెతికింది.’]

ఈ నల్ల పేజీ గురించి ప్రెస్‌కి వెళ్లే ముందే ఆలోచించండి. నలుపు మీద తెల్ల అక్షరాలు, ప్రెస్‌లో రివర్స్ అంటారు, మన తెలుగు లిపికి కొంచెం ప్రమాదం. పూత లేని మ్యాప్లిథో కాగితం సిరా పీల్చుకుంటుంది, సన్నటి గీతలు పూడిపోతాయి, వొత్తులు ముద్దగా అయిపోతాయి. అందుకే అక్షరం లావుగా, పెద్దగా, మాటలు తక్కువగా. మిగతా పేజీల్లో అక్షరాలు ఒక్క నల్ల సిరాతోనే పడేలా పెట్టండి, నాలుగు రంగులూ కలిపిన నలుపైతే ఏ రంగు ప్లేటు కాస్త జరిగినా అంచులు మసకబారతాయి. చీకటి బొమ్మలు తెర మీద కనిపించినదానికన్నా అచ్చులో ముదురుగా వస్తాయి, కాబట్టి కొంచెం తేలిక చేసి, ఒక ప్రూఫ్, అంటే నమూనా అచ్చు, తీయించి చూడండి. వరసల మధ్య ఖాళీ ఎక్కువ ఉంచండి, పై వరస వొత్తులు కింది వరస గుడుల మీద పడితే ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్ల అక్కడే ఆగిపోతుంది. పేజీలు అమర్చడానికి ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు అందులో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోండి, లేకపోతే వొత్తులు విడివిడిగా పడతాయి.

ఒక విషయం మాత్రం కచ్చితంగా చెప్పాలి. తిరగలి తిప్పేది ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె అని రాయకండి. చేతబడి, బాణామతి అనే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. ఎనిమిదేళ్ల పిల్ల మన కథ విని, పక్క వీధి అవ్వని చూసి పారిపోయేలా చేయకూడదు. అలాగే రాక్షసుడంటే నల్లటి ఒళ్లు, వంకర కాళ్లు, లావు పొట్ట అని వేసే అలవాటు కూడా. తరగతి గదిలో అలాంటి ఒంటితోనే ఒక పిల్లాడు కూర్చుని ఉంటాడు. భయం కోసం మనిషి శరీరం అక్కర్లేదు, తిరగలి చాలు.

అచ్చు వేయించే స్తోమత లేదంటే, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది, 2015 నుంచి నడుస్తోంది, తెలుగులో మీ కథ మీరే పెట్టుకోవచ్చు, అక్కడున్న బొమ్మల్ని కూడా వాడుకోవచ్చు. కానీ మనం చెప్పుకున్నలాంటి కథకి దొరికిన బొమ్మలు సరిపోవు, ఆ నీడలన్నీ దీనికోసమే వేయాలి. మీకు బొమ్మలు వేయడం రాకపోతే వేసేవాళ్లని వెతుక్కుని కథ మొదటి రోజు నుంచీ పక్కన కూర్చోబెట్టుకోండి, మొత్తం రాసేశాక ఇవ్వకండి. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం అనే సంస్థ తెలుగులో పిల్లల పుస్తకాల మీద పనిచేస్తోంది, అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి బొమ్మల కథల పుస్తకాలూ తెచ్చింది. వాళ్లు వేసిన పుస్తకాలు నాలుగు తెప్పించుకుని ఎంత పొడుగున్నాయో, పేజీకి ఎన్ని మాటలున్నాయో చూసుకుని అప్పుడు పంపండి.

పంపే ముందు డమ్మీని ఒక పిల్లకి రాత్రిపూట చదివి వినిపించండి. బాగుందా అని అడగొద్దు, ఊరికే చూడండి. బిందె పేజీ దగ్గర వేలు పెట్టిందా? పెట్టకపోతే మొదటి పేజీలో నీడలు మరీ లేతగా ఉన్నాయన్నమాట, ఇంకాస్త ముదురు చేయండి. నల్ల పేజీ దగ్గర మీ మీదకి జరిగితే అది సరే. పుస్తకం మూసేయమంటే మూసేసి, ఆ పిల్లకి ఇంకో ఏడాది ఆగి చదవండి. ముగ్గు పేజీ అయిపోగానే, ‘దీపం ఆర్పే పేజీ మళ్లీ’ అని అడిగితే మాత్రం ఇంక దిద్దకండి, పంపేయండి.