శుభలేఖలో పేరు, పాసుబుక్కులో పేరు
(హన్మకొండలో డిగ్రీ చివరి ఏడాది విద్యార్థినులకు, వాళ్ల తల్లిదండ్రులకు ఒక న్యాయవాది ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నన్ను ‘ప్రీనప్’ గురించి చెప్పమన్నారు. అది రెండు నిమిషాల పని. రేపు విడిపోతే ఎవరికెంత అని పెళ్లికి ముందే రాసుకునే ఒప్పందం అది. హిందూ పెళ్లిళ్లలో మన కోర్టులు దాన్ని కట్టుబడి తీరాల్సిన కాగితంగా చూడవు. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ అంటుంది. ఇలాంటివాటిని ఆ లెక్కలోనే వేస్తారు. ముస్లింల నికానామాలో, అంటే పెళ్లి ఒప్పంద పత్రంలో, మెహర్ (భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము), షరతులు రాసుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. గోవాలో పోర్చుగీసు కాలం నాటి చట్టం ప్రకారం, వేరేగా రాసుకోకపోతే ఆలుమగల ఆస్తి ఉమ్మడిదే. మనం ఉన్నది హన్మకొండలో.

ఇక్కడ మూడు ముళ్లు పడగానే ఎవరి ఆస్తీ ఇంకొకరిది కాదు. అత్తారింట్లో ఉండే హక్కును 2005 గృహహింస చట్టం ఇస్తుంది. ఉండటం వేరు, అది మీది కావడం వేరు. ఇద్దరి జీతాలతో ఈఎంఐ కట్టి ఆయనొక్కరి పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తే, తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని మీరే రుజువు చేసుకోవాలి.

నాకు అసలు చెప్పాలని ఉన్నది పెళ్లిలో కూతురికి పుట్టింటివాళ్లిచ్చే పసుపు కుంకుమ భూమి గురించి. పెళ్లప్పుడు ‘ఆ చెల్క (మెట్ట చేను) నీకే బిడ్డా’ అంటారు. నోటిమాటే. మహా అయితే తెల్లకాగితం మీద నలుగురు పెద్దమనుషుల సంతకాలు. నర్సంపేట వైపు ఒకామెకు అట్లాగే రెండెకరాలు ఇచ్చారు. అన్న దున్నుకున్నాడు, పంట ఇంటికొచ్చాక ఏటా ఇన్ని బియ్యం, కొన్ని మిరపకాయలు పంపేవాడు. ఆమె పాసుబుక్కు ఏనాడూ అడగలేదు. అడిగితే పుట్టింటికి రాకపోకలు పోతాయని భయం. అన్న పోయాడు. భూమి ఆయన పేరునే ఉంది, కొడుకులు అమ్మకానికి పెట్టారు. ‘మేనత్తకు బియ్యం పంపింది ప్రేమతో, కౌలు కింద కాదు’ అన్నారు. ఆమె వకీలును నేనే. బియ్యం బస్తాలకు రసీదులు ఎక్కడి నుంచి తేను!

స్థిరాస్తి దానమిస్తే ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టర్ కావాలని ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెబుతుంది. ఫంక్షన్‌హాల్‌కు అడ్వాన్సు కట్టే తండ్రులు అదే వారంలో, సాగుభూమి రిజిస్ట్రేషన్ చేసే తహసీల్దార్ ఆఫీసుకూ ఒకసారి పోతే ఏం పోతుంది?

‘కట్నం ఇచ్చాం, ఇక వాటా ఎందుకు’ అనేవాళ్లు ఈ హాల్లోనూ ఉంటారు. కట్నం తీసుకోవడమే నేరం. ఎవరు తీసుకున్నా మూడు నెలల్లో ఆ అమ్మాయికి అప్పజెప్పాలని 1961 వరకట్న నిషేధ చట్టమే అంటుంది. అది వాటాకు బదులు కాదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడబిడ్డలకు సమాన వాటా మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉంది, కాకపోతే అప్పటికే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టారు. ఆ తేడాను 2005 కేంద్ర సవరణ తీసేసింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

చివరగా ఒక మాట, ఇది ఉద్యోగాలు చేయబోయేవాళ్లకు. మీ జీతంతో మీరు ప్లాటు కొన్నారు. భర్త ముందే చనిపోయి, పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా మీరు పోతే హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం అది ముందు భర్త వారసులకు వెళ్తుంది, మిమ్మల్ని చదివించిన అమ్మకు కాదు. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, వాళ్లతోనూ చేయించండి. ఈ ఒక్క చోట తెల్లకాగితం పనికొస్తుంది.